నాలుగో గది మూతపడలేదు

'తెలిసిన సమస్య' అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కొత్త వర్షన్ వచ్చినప్పుడల్లా మెషీన్ కంపెనీవాళ్ళు దాంతోపాటు ఒక జాబితా పంపుతారు. పైన లావుపాటి అక్షరాలతో 'తెలిసిన సమస్యలు' అని ఉంటుంది. ఎవరికి తెలిసినవి? వాళ్ళకి. బాగుచేశారా? లేదు. ముందే చెప్పేశారు కాబట్టి ఇక ఆ పాపం వాళ్ళది కాదన్నమాట. పడితే మనం పడాలి, చచ్చినట్టు.

నా పేరు వీరమణి. యాభై ఎనిమిదేళ్ళు. ఎరువుల ఫ్యాక్టరీ కంప్యూటర్ రూములో ఇరవై రెండేళ్ళు యూనిక్స్ మెషీన్లతో కాపురం చేశాను. ఆ తర్వాత కాకినాడ బీచ్ రోడ్డులోని సాగరతీర పునరావాస కేంద్రంలో చేరాను. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళు మా దగ్గరికి వస్తారు. చెవి వెనక రూపాయి బిళ్ళంత ప్లేటు పెడతాం. మనిషి ఏం చెప్పాలనుకుంటున్నాడో ఆ ప్లేటు పట్టుకుని మా సర్వరుకి పంపుతుంది. సర్వరు మాట వెతికి, మెడలో వేలాడే చిన్న పెట్టెలోంచి వాళ్ళ పాత గొంతుతోనే పలికిస్తుంది. కొత్తగా చూసినవాడికి ఆ మనిషే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నిజానికి ఆ మనిషే మాట్లాడుతున్నాడు, అందులో సందేహమేముంది?

ఎనిమిదిమందికి ఎనిమిది సర్వర్లు పెట్టుకునే స్తోమత మాకు లేదు. అందుకని ఒకే పెద్ద మెషీన్ని లోపల గోడలు కట్టి ఎనిమిది భాగాలు చేశాం. పుస్తకాల్లో పార్టిషన్లంటారు, మేం గదులంటాం. ఒక్కో మనిషికి ఒక్కో గది. ఒక గదిలో ఉన్నది ఇంకో గదికి కనబడకూడదు. ఎవరి మనసు వాళ్ళది. అన్ని గదులూ కనబడేది ఒక్క పెద్దగదికే. దాని తాళం నా చేతిలో ఉంటుంది.

నెలలు గడిచేకొద్దీ గది ఆ మనిషి తీరు నేర్చుకుంటుంది. మనిషి మెదడు కూడా ఆ గదికి అలవాటు పడుతుంది. ఈ అలవాటు జబ్బు చేసిన మొదటి ఏడాదిలోనే పడాలని మా డైరెక్టరు డాక్టర్ పద్మనాభం గారు చెబుతారు. ఆ ఏడాది దాటితే మెదడు కొత్తగా నేర్చుకోవడానికి మొరాయిస్తుందట. అంటే గదిలో చేరిందేదైనా పోతే, రెండోసారి రాదు.

నాలుగో గది నూకరత్నానిది. ఫిషింగ్ హార్బరులో ముప్పై ఏళ్ళు చేపల వేలం పాడిన మనిషి. ఆవిడ కేక పెడితే పడవ మీద వల విదిలిస్తున్నవాడు కూడా ఆగి చూసేవాడట. యాభై నాలుగేళ్ళకి మాట పడిపోయింది, కుడిచెయ్యి సగం పడిపోయింది. మా దగ్గర చేరి పద్నాలుగు నెలలైంది. సాధన చేసి, మళ్ళీ హార్బరుకి వెళ్ళి, మెడలో పెట్టె వేలాడేసుకుని వేలం పాడుతోంది. నేనొకసారి వెళ్ళి చూశాను. పెట్టె గొంతు పెంచమని నన్నే తిట్టింది.

ఆ శనివారం కొత్త వర్షన్ ఎక్కించాలి. ఒక్కో గదినీ మూసి, వర్షన్ ఎక్కించి, మళ్ళీ తెరవాలి. గదికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఆ మనిషికి మాట ఉండదు కాబట్టి అందరూ కేంద్రానికి వచ్చి కూర్చోవాలని రూలు. మొదటి మూడు గదులూ సాఫీగా అయిపోయాయి. పదీ పదికి నాలుగో గది మూయమని కమాండిచ్చాను. హాల్లో నూకరత్నం తన కూతురు సత్యవేణిని కడిగేస్తోంది.

"ఐసు పెట్టెల మూతలు ఎయ్యమని సెప్పేనా లేదా? నీ బుర్ర ఎక్కడ..."

అక్కడ ఆగిపోయింది. సత్యవేణి నవ్వేసి, "హమ్మయ్య, పది నిమిషాలు మా చెవులకి సెలవండి," అంది నాతో. నూకరత్నం ఎడమచేత్తో దాని నెత్తి మీద ఒకటిచ్చింది.

పది నిమిషాలైంది. స్క్రీను మీద 'మూతపడుతోంది' అని ఉంది. ఇరవై అయింది. మూతపడుతోంది. తలుపు తెరుచుకుని లేదు, వేసుకునీ లేదు. తెరవమని కమాండిస్తే, మూతపడుతున్న గదిని తెరవలేనంది. మూయమంటే, మూస్తూనే ఉన్నాను కదా అంది. పదకొండున్నర అయింది.

కంపెనీకి ఫోను చేశాను. అక్కడ సపోర్టు పెద్ద ముకుంద్ అనే ఆయన. ఎప్పుడు మాట్లాడినా గొంతులో వెన్న రాసుకున్నట్టుంటాడు.

"మేడమ్, అది తెలిసిన సమస్యే. జాబితాలో ఇరవై ఏడు చూడండి."

చూశాను. 'అరుదుగా ఒక గది మూతపడుతున్న స్థితిలో ఇరుక్కుపోవచ్చు. కారణం పరిశీలనలో ఉంది. ఉపాయం: మొత్తం మెషీన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టండి.'

"మొత్తం ఆపితే నాలుగో గది చివర చేరాల్సినది చేరకుండానే పోతుంది కదండీ. భద్రపరచడం మూతపడ్డాకే జరుగుతుంది," అన్నాను.

"రోజూ కాపీ తీస్తున్నారుగా మేడమ్. నిన్నటి కాపీ నుంచి తెరుచుకుంటుంది. ఒక్కరోజు మాటలేగా."

అదీ నిజమేననిపించి నిన్నటి కాపీ తెరిచి చూశాను. రోజూ 'కాపీ అయింది' అని రాసి ఉంది, సంతకం పెట్టినట్టు. లోపల మాత్రం పద్నాలుగు నెలల కిందటి మొదటిరోజు సరుకు తప్ప మరేం లేదు. మిగతా ఏడు గదుల కాపీలూ లక్షణంగా ఉన్నాయి. ఈ ఒక్కటే బోడి. మళ్ళీ జాబితా తీశాను. ముప్పై ఒకటి: 'ఇతరులు వాడుతున్న ఫైళ్ళు గదిలో ఉంటే కాపీ జరగకపోయినా జరిగినట్టు నమోదు కావచ్చు.'

మళ్ళీ ఫోను చేసి చెప్పాను.

"విచారకరమే మేడమ్. కానీ ఇరుక్కున్న గది మెమరీ తినేస్తూ ఉంటుంది. తొంభై అయిదు శాతం దాటితే ఎనిమిది గదులూ ఒకేసారి పడిపోతాయి. ఏడుగురి కోసం ఒకరు. ఒప్పందం ప్రకారం ఆరుగంటలు చూస్తాం. నాలుగింటికి మేమే ఇక్కణ్ణుంచి రీస్టార్ట్ కొడతాం."

ఒకరట. చీటీ చించినంత తేలిగ్గా అన్నాడు.

డాక్టరుగారి గదిలో చెప్పాల్సి వచ్చింది. నూకరత్నానికి మాట లేదు గానీ చెవులున్నాయి, బుర్ర ఉంది. అంతా విన్నది. సత్యవేణి మాత్రం ఊరుకోలేదు.

"మా అమ్మ నోరు తీసుకెళ్ళి మీ పెట్టిలో పెట్టుకున్నారండి. పెట్టి పాడైతే మళ్ళీ మూగదైపోద్దా? ఇదేం న్యాయమండి? మందిస్తానని పిలిచి, ఉన్న పేణం తీసుకెళ్ళినట్టు కాదేటండి?"

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాపం మంచివాడే, కానీ ఏ కాగితం చూసినా ముందు సంతకం ఎక్కడ పెట్టాలో చూసే రకం. "వీరమణిగారూ, కంపెనీ చెప్పింది కాదంటే రేపు మిగతా ఏడుగురికీ ఏం సమాధానం చెబుతాం?"

"నాలుగింటిదాకా టైముంది కదా. ఆ గది ఎందుకు మూతపడట్లేదో కనుక్కుంటాను. మెమరీ తొంభై నాలుగుకి వస్తే నా చేత్తో నేనే ఆపేస్తాను. అప్పటిదాకా ఎవరినీ ముట్టుకోనివ్వను."

"కారణం కంపెనీకే తెలియదంటున్నారు..."

"వాళ్ళు వెతకలేదు. నేను వెతుకుతాను," అని వచ్చేశాను.

గది మూతపడాలంటే లోపల పనిచేస్తున్న ప్రోగ్రాములన్నీ ఆగాలి, తర్వాత ఫోల్డర్లన్నీ వదులు కావాలి. ఎవడైనా ఒక ఫైలు మీద చెయ్యి వేసి ఉంటే ఆ ఫోల్డరు వదులు కాదు. బస్సు తలుపు సందులో చెయ్యి పెట్టుకుని కూర్చున్నవాడి లాంటి వ్యవహారం. నాలుగో గదిలో ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరంది. లోపలివాళ్ళందరూ ఎప్పుడో దిగిపోయారు. మరి చెయ్యెవరిది? పెద్దగదిలోకి వచ్చి, మెషీన్ మొత్తంలో నాలుగో గది ఫైళ్ళు ఎవరెవరు పట్టుకున్నారో ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాను. కొన్ని వేల వరుసలు. ఒంటిగంట దాటింది. డాక్టరుగారు పంపించిన టీ చల్లారిపోయింది. ఒంటిగంటా నలభైకి ఒక వరుస దగ్గర నా వేలు ఆగింది.

ఆ చెయ్యి ఆరో గదిది.

గోడలు దాటి ఆరో గది నాలుగో గదిలోకి ఎలా వచ్చింది? రాకూడదు. రావాలంటే పెద్దగదిలోంచి ఎవరో కిటికీ పెట్టాలి. తాళం ఉన్నది నా ఒక్కదాని దగ్గరే. అప్పుడు గుర్తొచ్చింది, తల తీసేసినట్టయింది.

కంపెనీవాళ్ళు ఇచ్చిన మాటల నిధి రేడియో వార్తల భాషలో ఉండేది. మొదట్లో మా జనం "ఎక్కడికెళ్తన్నావ్" అనుకుంటే పెట్టె "మీరు ఎచటికి పయనమగుచున్నారు" అనేది. నవ్వలేక చచ్చేవాళ్ళం. నేను సెలవు రోజుల్లో హార్బరుకీ, సంతకీ, బస్టాండుకీ వెళ్ళి జనం మాటలు రికార్డు చేసి తెచ్చి 'ఊరిమాట' అని ఒక ఫోల్డరు కట్టాను. ఎనిమిదిమందికీ ఎనిమిది కాపీలు పెట్టడానికి డిస్కులో చోటు చాలలేదు. సరే, ఒకచోట పెట్టి అందరికీ కిటికీ తెరిస్తే పోలా అనుకున్నాను. మా వీధిలో ఒకింట్లో గోంగూర పచ్చడి నూరితే నాలుగిళ్ళకి గిన్నెలు వెళ్తాయి, దానికెవరైనా అనుమతి కాగితం రాయించుకుంటారా? అదే బుద్ధి మెషీన్లోనూ చూపించాను. నూకరత్నం అప్పుడే చేరింది, నాలుగో గదిలో చోటు ఎక్కువుంది. అక్కడ పెట్టాను. చదవడానికి మాత్రమే ఇవ్వాల్సిన కిటికీని, తొందరలో, రాయడానికి కూడా ఇచ్చేశాను. దాంతో నూకరత్నం గది నేర్చుకున్న ప్రతి మాటా అందులో పడుతూ వచ్చింది. మిగతా గదులు వచ్చి కావలసిన మాట తీసుకుని వెళ్ళిపోతున్నాయి. ఆరో గది మాత్రం అక్కడే కాపురం పెట్టేసింది.

తప్పు నాది. దాన్ని ఎవరి మీదకీ నెట్టను. కాకపోతే తప్పు చేసినదాన్ని కాబట్టి దిద్దే హక్కు కూడా నాదే అనుకున్నాను.

ఆరో గది గవర్రాజుగారిది. సామర్లకోట అవతల రైల్వే గేటు దగ్గర ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. జబ్బు చెయ్యకముందే ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. అలాంటి మనిషి గదికి నేర్చుకోవడానికి సొంత మాటలేం దొరుకుతాయి? అందుకని పక్కగదిలో దొరికినవన్నీ తెచ్చుకుంది. నేను హాల్లోకి వెళ్ళేసరికి ఆయన భార్య అచ్చియ్యమ్మగారు పక్కన కూర్చుని బత్తాయి వలుస్తున్నారు. సంగతి చెప్పాను. ఆవిడ ముక్కున వేలేసుకుంది.

"అదాండీ సంగతి! ఆర్నెల్లనుంచీ ఈయన నోట ఏం మాటలొస్తన్నాయో మీకు తెలీదండి. మొన్న కూరగాయలబ్బాయిని 'కుళ్ళిన సరుకు నా మొకాన కొడతావేట్రా' అన్నారండి. వీధి వీధంతా బయటికొచ్చింది. నలభై రెండేళ్ళు పిల్లిలా ఉన్న మనిషండి!"

"నీకేటే బాధ?" అంది గవర్రాజుగారి మెడలోని పెట్టె. గొంతు ఆయనదే, మెత్తగా. మాట మాత్రం అచ్చం హార్బరు. నూకరత్నం అదిరిపడి చూసింది. ఆ 'నీకేటే బాధ' తనదని ఆవిడకి తెలిసిపోయింది. ఆవిడ ముఖంలో కోపం వస్తుందేమోనని నాకు భయమేసింది. ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతోంది. చప్పుడు లేకుండా.

నవ్వుకి టైము లేదు. మెమరీ ఎనభై ఆరు చూపిస్తోంది. రెండున్నర కావస్తోంది.

ఆరో గది చెయ్యి తీయించాలి. బలవంతంగా ఆ ప్రోగ్రామును చంపొచ్చు, ఒక కమాండు చాలు. డాక్టరుగారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. ఇంకో ఊరి కేంద్రంలో అలా చంపితే ఆ రోగికి ఫిట్స్ వచ్చి ఉన్న నాలుగు మాటలూ పోయాయట. చెవి వెనక ప్లేటు తీసేద్దామంటే, ప్రోగ్రాము ప్లేటు కోసం ఎదురుచూస్తూ చెయ్యి అక్కడే ఉంచుకుంటుంది. అది జాబితాలో పన్నెండో తెలిసిన సమస్య. మత్తు ఇద్దామంటే ఆయన గుండెకి పడదు. ఇక మిగిలింది ఒక్కటే. వరసగా మూడు నిమిషాలు గవర్రాజుగారి మనసు ఒక్క మాట కూడా వెతక్కుండా ఉంటే, చెయ్యి దానంతటదే వదులవుతుంది.

"మాట్లాడకుండా ఉండటం ఆయనకి కొత్తా అండీ?" అన్నారు అచ్చియ్యమ్మగారు.

"మాట్లాడకపోతే చాలదమ్మా. లోపల కూడా అనుకోకూడదు."

ఆయన కళ్ళు మూసుకుని ప్రయత్నించాడు. నేను స్క్రీను చూస్తున్నాను. పది సెకన్లు నిలవలేదు. ఏమీ అనుకోకూడదు, అనుకోకూడదు అని అనుకుంటున్నాడు పాపం. సముద్రం వైపు కూర్చోబెట్టాం. పడవల్ని లెక్కపెట్టేశాడు. దేవుణ్ణి తలుచుకోమంటే నామాలు చదివేశాడు. నలభై సెకన్లు దాటలేదు. మూడయింది. గవర్రాజుగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెషీన్ ఆపేస్తే నూకరత్నం మాటలే కాదు, వాటి మీద బతుకుతున్న ఆయన మాటలూ పోతాయి. అది ఆయనకి అర్థమైంది.

అప్పుడు నూకరత్నం లేచింది. సత్యవేణి భుజం మీద కొట్టి, ఎడమచెయ్యి చాపి, వేళ్ళు ముడిచి తెరిచి, పక్కకి పాకినట్టు చూపించింది. తర్వాత ఆ వేళ్ళు నోట్లో పెట్టుకుని పీల్చినట్టు చేసింది.

"పీతలా?" అంది సత్యవేణి. "పీతల కూరా? ఇప్పుడేటమ్మా నీకు?" అని, సగంలో ఆగి నావైపు తిరిగింది. "మేడమ్‌గారూ! పీత తినేటప్పుడు ఎవరైనా మాటాడతారేటండి?"

నేనొక క్షణం ఆలోచించాను. మా ఇంట్లో తద్దినం రోజు కూడా అరుచుకునే అన్నదమ్ములు పీతల కూర వండిన రోజు మాత్రం తలెత్తరు. డొప్ప ఎక్కడ విరగాలి, గుజ్జు ఎక్కడుంది, ముల్లు ఎక్కడ గుచ్చుకుంటుంది, మనసంతా వేళ్ళలోకి వెళ్ళిపోతుంది. అందులోనూ గవర్రాజుగారికి పనిచేసేది ఒక్క ఎడమచెయ్యే.

"ఇంట్లో ఉందా?"

"పొద్దున్నే వండేనండి. బండి మీద పావుగంటలో తెచ్చేత్తాను," అని పరుగెత్తింది.

"శనివారమండీ!" అచ్చియ్యమ్మగారు లేచి నిలబడ్డారు. "పెళ్ళైనకాణ్ణుంచీ శనివారం నీచు ముట్టలేదండి ఆయన. ఎంకన్నబాబుకి మొక్కు. నేనొప్పుకోను."

"ఎహె, నోర్ముయ్యే!" అంది గవర్రాజుగారి పెట్టె. "ఎంకన్నబాబుతో నేను మాటాడుకుంటాను. మాటుంటేగా మాటాడేది!"

అచ్చియ్యమ్మగారు మళ్ళీ కూర్చున్నారు.

మూడూ ఇరవైకి కూర వచ్చింది. మూత తీయగానే మెషీన్ రూముదాకా ఘుమాయించింది. గవర్రాజుగారి ముందు పళ్ళెం పెట్టాం. నేను స్క్రీను దగ్గర నిలబడ్డాను. మెమరీ తొంభై ఒకటి. ఆయన ఒక కాలు విరిచాడు. ముప్పై సెకన్లు. డొప్ప తీశాడు. నిమిషం. నిమిషంన్నర. రెండు. రెండూ నలభై.

"ఉప్పేదే ఇందులో?" అంది పెట్టె.

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. సత్యవేణి నెత్తి కొట్టుకుంది. అప్పుడే నా ఫోను మోగింది. ముకుంద్.

"మేడమ్, మెమరీ ఇక్కణ్ణుంచి కనబడుతోంది. నాలుగింటిదాకా ఆగడం ప్రమాదం. ఇప్పుడే కొడుతున్నాం."

"ఇంకా అరగంట ఉంది. ఆరుగంటలని మీరే అన్నారు."

"మీరు భావోద్వేగంతో ఉన్నారు మేడమ్."

స్క్రీను మీద కొత్త వరుస వచ్చింది: 'రిమోట్ రీస్టార్ట్ అయిదు నిమిషాల్లో.' భావోద్వేగమట! నిజమే, ఉంది. లేకపోతే ఈ ఉద్యోగం చెయ్యడానికి నేనెందుకు, వాళ్ళ జాబితా చాలదూ? మెషీన్ వెనక్కి వెళ్ళి కంపెనీ లైనుకి పెట్టిన నీలం కేబులు పట్టుకుని ఒక్క లాగు లాగాను. ఊడి నా చేతిలోకి వచ్చింది. స్క్రీను మీద ఆ వరుస మాయమైంది.

డాక్టరుగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "వీరమణిగారూ, నేనేం చూడలేదు," అన్నారు.

"చూశానని రాయండి సార్. సంతకం నేను పెడతాను," అన్నాను.

హాల్లో నూకరత్నం కుర్చీ లాక్కుని గవర్రాజుగారికి ఎదురుగా కూర్చుంది. ఉప్పు చల్లింది. తన ముందూ ఒక పళ్ళెం పెట్టించుకుంది. ఆయన కళ్ళలోకి చూసి, ఒక పీత కాలు పళ్ళ మధ్య పెట్టి పటుక్కున విరిచి, గుజ్జు ఎలా లాగాలో చూపించింది. ఆయన అలాగే చేశాడు. ఆవిడ ఇంకోటి విరిచింది. ఆయనా విరిచాడు. రెండు ఎడమచేతులు, రెండు పళ్ళేలు. ఎర్రటి పులుసు ఆయన మోచేతిదాకా కారింది, తుడుచుకోలేదు. నిమిషం. రెండు. మెమరీ తొంభై రెండు. రెండున్నర. తొంభై మూడు. నా చెయ్యి మెయిన్ స్విచ్ మీద ఉంది. ఒట్టేసి చెప్తున్నాను, తొంభై నాలుగు వస్తే ఆపేసేదాన్నే. రెండూ యాభై. గవర్రాజుగారు ఒక డొప్పని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ప్రపంచంలో ఆయనకి అది తప్ప ఇంకేం లేదు.

స్క్రీను కదిలింది. 'ఊరిమాట వదులైంది. నాలుగో గది మూతపడింది. భద్రపరచబడుతోంది.' మెమరీ ఒక్కసారిగా నలభైకి పడిపోయింది. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను.

భద్రమైంది. పద్నాలుగు నెలలు, మాటకి మాట. ఇంకో కాపీ తీశాను, దాన్ని తెరిచి నా కళ్ళతో చూసుకుని మరీ నమ్మాను. తర్వాత కొత్త వర్షన్ జోలికి పోకుండా నాలుగో గది తెరిచాను, ఊరిమాట కిటికీతో సహా. ఈసారి చదవడానికి మాత్రమే.

హాల్లో పెట్టె ఒకసారి గరగరలాడింది. నూకరత్నం చెయ్యి కడుక్కుంటోంది.

"సచ్చేనే సత్యేణీ," అంది. "పొద్దుట్నుంచీ నోరు కట్టేసుంటే పేణం పోయినట్టుందే." సత్యవేణి వెళ్ళి అమ్మని కావలించుకుని భోరుమంది.

నాలుగూ పదికి డాక్టరుగారి ఫోను మోగింది. ముకుంద్. ఆయన స్పీకరు పెట్టారు. వెన్న గొంతు ఈసారి గట్టిపడింది. నన్ను సస్పెండ్ చేయమని కంపెనీ సిఫారసు చేస్తోందట. సరే అన్నాను. గోడ దాటిన కిటికీ ఘోరమైన ఉల్లంఘనట. సోమవారం తమ మనిషి వచ్చి ఊరిమాట తీసేసి, ఆరో గదిని శుభ్రం చేస్తాడట.

"శుభ్రమంటే ఏటండి?" అంది నూకరత్నం.

"అమ్మా, మీ మాటలు మీ అనుమతి లేకుండా వేరే పేషెంటు వాడుకుంటున్నారు. అవి మీ సొంతం. మీ హక్కులు కాపాడటానికే..."

"నా సొంతమేటి? ఆ మాటలు మా అమ్మ కాణ్ణుంచి నాకొచ్చేయి. మా అమ్మకి ఆళ్ళమ్మ. హార్బరులో ఎంతమంది అరిత్తే ఇన్ని మాటలొచ్చేయి? ఎవుడన్నా తాళం ఏసేడా? పొద్దున నా నోరు నొక్కేత్తానన్నప్పుడు నా అక్కు గుర్తు రాలేదు. ఇప్పుడు నా పేరెట్టి ఈయన నోరు నొక్కుతావా? ఆయన దొంగతనం సెయ్యలేదు. నేనిచ్చేను. రాసుకో. నూకరత్నం ఇచ్చింది అని రాసుకో."

"దానికొక ఫారం ఉండాలమ్మా. అలాంటి ఫారం ప్రస్తుతం..."

అప్పుడు గవర్రాజుగారు భార్య వైపు తిరిగాడు. ఆవిడ పొద్దున్నుంచీ అదే కుర్చీలో, ఒళ్ళో బత్తాయి తొక్కలతో కూర్చుని ఉంది.

"అచ్చీ," అంది పెట్టె, మెత్తగా. "తిన్నావేటే నువ్వు?"

అచ్చియ్యమ్మగారు లేచి, చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని, డాక్టరుగారి చేతిలో ఫోను లాక్కున్నారు.

"ఏవండీ, కంపెనీగారూ. నా పేరు అచ్చియ్యమ్మ. నలభై రెండేళ్ళ కాపురమండి. ఈ మనిషి నన్ను తిన్నావా అనడం ఇదే మొదలు. అది ఆవిడ మాటో, ఎవరి మాటో, అడిగింది మా ఆయన. ఇప్పుడు మీరొచ్చి గోడ కడతారా? రండి. కట్టండి. ఎలా కడతారో నేనూ చూత్తాను."

ఫోను డాక్టరుగారి చేతిలో పెట్టేసి, కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి మెషీన్ రూము గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. నేను ఆవిడకి ఒక పళ్ళెం తెచ్చిచ్చాను. శనివారమని పీతలు ముట్టలేదు, పెరుగన్నం తిన్నారు.

సోమవారం కంపెనీ మనిషి వచ్చాడు. గుమ్మంలో అచ్చియ్యమ్మగారు, పక్కన సత్యవేణి, వెనక మిగతా గదులవాళ్ళూ వాళ్ళ ఇంటివాళ్ళూ. మంచినీళ్ళిచ్చారు, కాఫీ ఇచ్చారు, దారి మాత్రం ఇవ్వలేదు. డాక్టరుగారు సంతకం పెట్టిన సస్పెన్షన్ కాగితం నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఈరోజుకి పదకొండో రోజు. కేబులు ఇంకా నా సంచిలోనే ఉంది. ఉద్యోగం లేకపోయినా పొద్దున్నే వచ్చి కాపీలు తెరిచి చూసుకుని వెళ్తున్నాను. గుమ్మం దగ్గర కుర్చీలో పొద్దుట సత్యవేణి కూర్చుంటోంది, మధ్యాహ్నం అచ్చియ్యమ్మగారు. సాయంత్రం వేలం ముగించుకుని నూకరత్నం వచ్చి కూర్చుంటుంది, ఆవిడున్నంతసేపూ వీధి చివరిదాకా వినబడుతూనే ఉంటుంది.